మీకు తెలుసా? కట్టని స్తంభాల వరుసను చూపిన రోము బొమ్మ

రోములోని సెయింట్ పీటర్స్ చౌకుకు రెండు వైపులా వంపు తిరిగిన స్తంభాల వరుసలు ఉంటాయి. 17వ శతాబ్దంలో ఆ చౌకును అచ్చుబొమ్మలో చూసినవారికి మాత్రం మూడో వరుస కూడా కనిపించింది. అది ఎన్నడూ కట్టలేదు!

ఆ బొమ్మ గీసినవాడు జొవాన్ని బాత్తిస్తా ఫాల్దా. వాస్తుశిల్పి బెర్నీని ఆ చౌకుకు వేసిన ప్రణాళికలో మూడో వరుస ఉంది. నిర్మాణం సాగుతుండగానే ఫాల్దా దాన్ని పూర్తయినట్టు చూపించాడు. 1667లో ఆ చౌకును కట్టిస్తున్న పోప్ ఏడో అలెగ్జాండర్ కన్నుమూశాడు, దాంతో ఆ వరుస కాగితం మీదే ఉండిపోయింది.

ముప్ఫై ఏళ్ల యుద్ధాన్ని ముగించిన 1648 వెస్ట్‌ఫాలియా సంధి తర్వాత ఐరోపా రాజకీయాల్లో పోప్ మాటకు విలువ తగ్గింది. అయినా అలెగ్జాండర్ నగరాన్ని కొత్తగా తీర్చిదిద్దాడు. సాంతా మరియా దెల్లా పాచె చర్చి ముందు ఇళ్లు కూల్పించి, గుర్రపుబండ్లు తిరిగేంత చోటు చేయించాడు. ఆ మార్పులను లోకానికి చాటింది 1665లో దె రోస్సి ప్రచురించిన ఫాల్దా బొమ్మల సంపుటి.

ఈ అచ్చుబొమ్మల పనితనం చూడండి. మైనం పూసిన రాగిరేకు మీద సూదితో గీస్తారు. తర్వాత రేకుకు ఆమ్లం తగిలిస్తే, గీసినచోట అది రాగిని తింటుంది. అచ్చులో కుడి ఎడమలు తారుమారవుతాయి కాబట్టి నగరాన్ని తిరగేసి గీయాలి. ఫాల్దా చౌకులను ఉన్నవాటికన్నా విశాలంగా చూపాడు, మనుషులను బాగా చిన్నగా వేశాడు. దాంతో భవనాలు మరింత ఎత్తుగా కనిపిస్తాయి. నిజం కొంత సాగినా, ఆ గీతల నేర్పు అబ్బురమే.

1676లో ఆయన 12 పలకల రోము పటాన్నీ తెచ్చాడు.