చంద్రవంక, ఎండ, లారీ సరుకు: మాచర్ల విపత్తులపై అపోహలు – వాస్తవాలు

విపత్తు ప్రణాళిక అంటే ఒక ఊరికి ఏ ముప్పు ఏ దారిన రాగలదో ముందే తేల్చుకుని, ఆ వేళ ఎవరు ఏం చేయాలో నిర్ణయించి ఉంచుకోవడం. పల్నాడు జిల్లా పశ్చిమ అంచున ఉన్న మాచర్లలో ఈ విషయమై పాతుకుపోయిన అపోహల్లో చాలావాటికి మూలం ఒకటే. ప్రమాదం ఎక్కడో దూరాన, భారీగా ఉంటుందని జనం అనుకుంటారు. తుపాను సముద్రతీరానిది, విషవాయువు విశాఖది, వరద సాగర్ డ్యామ్‌ది అన్న లెక్క. ఈ పట్టణానికి అసలు ముప్పు తెచ్చేవి మాత్రం రోజూ కంటి ముందు ఉండేవే.

అపోహ: సాగర్ గేట్లు ఎత్తితే మాచర్ల మునుగుతుంది.

నాగార్జునసాగర్ 26 క్రస్ట్ గేట్లూ ఎత్తిన రోజున కృష్ణ ఒడ్డున ఉన్న గ్రామాలు, నదిలోకి దిగే జాలర్లు అప్రమత్తం కావాల్సిందే. మాచర్ల పట్టణం సంగతి వేరు. డ్యామ్ దిగువన నది దాదాపు 75 మీటర్ల మట్టంలో పారుతుంటే, మాచర్ల సముద్రమట్టానికి 130 మీటర్లకు పైనే ఉంది. పైగా చంద్రవంక వాగు మాచర్లను దాటిపోయాక ఎత్తిపోతల దగ్గర 70 అడుగుల కిందికి దూకి, ఆ తర్వాతే కృష్ణలో కలుస్తుంది. కృష్ణ ఎంత పొంగినా ఆ జలపాతాన్ని ఎక్కి పట్టణంలోకి రాలేదు.

పట్టణాన్ని ముంచగలిగేది చంద్రవంకే. నల్లమల వైపు కొండల్లో కురిసిన వాన కొద్ది గంటల్లోనే వాగులోకి దిగుతుంది. ఊళ్ళో చినుకు పడకపోయినా వాగు ఒక్కసారిగా పొంగడానికి కారణం అదే. పెద్ద నదికి ఎగువన వరుసగా ప్రాజెక్టులు ఉంటాయి, ఎంత నీరు వస్తోందో గంటగంటకూ లెక్క ఉంటుంది, ప్రకాశం బ్యారేజీ దగ్గర మొదటి, రెండో ప్రమాద హెచ్చరికలకు నిర్ణీత మట్టాలున్నాయి. చిన్న వాగుకు అంత వ్యవధి ఉండదు. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులకు మించిన రికార్డు వరద వచ్చింది. అందరి కళ్ళూ కృష్ణ మీదే ఉన్నాయి. కానీ విజయవాడ సింగ్‌నగర్‌ను రోజుల తరబడి నీళ్ళలో ఉంచింది బుడమేరు అనే వాగు. ఏ ఊరి ప్రణాళికకైనా ఇంతకంటే పెద్ద పాఠం దొరకడం కష్టం.

వాగు పొంగినప్పుడు ప్రాణాలు ఎక్కువగా పోయేది చప్టాల మీద. రోజూ దాటే చప్టానే కదా అన్న ధైర్యంతో బండి దింపుతారు. మోకాలి లోతు కూడా లేని ఉరవడి నీరు మనిషిని పడగొడుతుంది. రెండు అడుగుల లోతు కారును కూడా లాక్కుపోతుంది. మట్టినీటి కింద చప్టా కోసుకుపోయిందో లేదో ఒడ్డున నిలబడి చెప్పడం ఎవరి తరమూ కాదు.

అపోహ: తుపాను తీరం దాటేసింది, ఇక భయం లేదు.

తీరం దాటాక తగ్గేది గాలి వేగం. వాన లోపలి జిల్లాలకు తరలుతుంది. 2025 అక్టోబరు 28 రాత్రి నరసాపురం దగ్గర తీరం దాటిన మొంథా తుపాను మరునాడు వరంగల్‌ను ముంచెత్తింది. సముద్రానికి వరంగల్ కంటే మాచర్లే దగ్గర.

అపోహ: ఇక్కడివాళ్ళకు ఎండ అలవాటే.

మాచర్లకు పొరుగునే ఉన్న రెంటచింతల పేరు ప్రతి వేసవిలో అత్యధిక ఉష్ణోగ్రతల వార్తల్లో వినిపిస్తుంది. అందువల్ల పల్నాటి మనిషిని ఎండ ఏమీ చేయదన్న నమ్మకం బలపడింది. శరీరం వేడికి సర్దుకునే మాట నిజమే. అందుకు వారం, రెండు వారాలు పడుతుంది, దానికీ ఒక హద్దు ఉంది. వేసవి తొలి వడగాడ్పులకు, సెలవు తర్వాత క్వారీ పనికి తిరిగొచ్చిన తొలి రోజులకు ఆ రక్షణ ఉండదు. వాతావరణ కేంద్రం చెప్పే అంకె నీడలో, గాలి ఆడే పెట్టెలో కొలిచినది. నాపరాళ్ళ క్వారీలో, మిరపకాయలు ఎండబోసిన కల్లంలో మనిషి భరించే వేడి అంతకంటే ఎక్కువ. 2015 వేసవిలో ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే 1,300 మందికి పైగా వడదెబ్బతో మరణించారు. వాళ్ళంతా ఎండ ఎరిగినవాళ్ళే.

జేబులో ఉల్లిపాయ ఉంటే వడదెబ్బ తగలదన్నది ఇంకో నమ్మకం. ఉల్లిపాయ శరీర ఉష్ణోగ్రతను తగ్గించదు. నీళ్ళు, ఉప్పు వేసిన మజ్జిగ, ఓఆర్‌ఎస్, మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా నీడ, ఇవే కాపాడతాయి. చెమట పడుతోంది కాబట్టి వడదెబ్బ కాదనుకోవడం మరీ ప్రమాదకరం, ఎందుకంటే కాయకష్టం చేస్తూ పడిపోయినవారికి చెమట ఆగకపోవచ్చు. మాట తడబడటం, తికమక, స్పృహ తప్పడం అసలు గుర్తులు. అప్పుడు జ్వరం మాత్ర పనిచేయదు. ఒళ్ళంతా నీళ్ళు పోసి, విసురుతూ, 108కి కబురు చేయాలి. స్పృహ లేనివారి నోట్లో నీళ్ళు పోయకూడదు.

అపోహ: వాన మొదలయ్యాకే పిడుగు భయం.

పిడుగు మబ్బుకు పది కిలోమీటర్ల అవతల కూడా పడగలదు. మెరుపు కనిపించాక 30 సెకన్ల లోపు ఉరుము వినిపిస్తే అప్పటికే ప్రమాద పరిధిలో ఉన్నట్టు. చివరి ఉరుము తర్వాత అరగంట దాకా బయటికి రాకూడదు. దేశంలో పిడుగులకు ఏటా 2,500 మందికి పైగా బలవుతున్నారు, వారిలో ఎక్కువమంది పొలాల్లో ఉన్నవారే. పత్తి చేలోనో గొర్రెల వెంటనో ఉన్నవారు చెట్టు కిందికి చేరడం అన్నిటికంటే పెద్ద పొరపాటు. రబ్బరు చెప్పులు కాపాడవు. ఉరిమినప్పుడు అర్జునుడి పేర్లు తలచుకునే ఆచారం గుండెకు ధైర్యమిస్తుంది, ఆ తలచుకునేదేదో పక్కా ఇంట్లోకి నడుస్తూ తలచుకోవాలి. పిడుగు తగిలిన మనిషిని ముట్టుకుంటే షాక్ కొడుతుందన్నది పూర్తిగా తప్పు. ఆ ఒంట్లో కరెంటు ఉండదు. ఊపిరి ఆడకపోతే వెంటనే గుండె మీద అదిమి సీపీఆర్ చేస్తే బతికే అవకాశం ఉంది. ఆ భయం వల్ల దూరంగా నిలబడిపోవడంతో కొందరు దక్కకుండా పోతున్నారు.

క్వారీల్లో ఉరుము వినబడగానే పేలుడు పని ఆపి, మనుషుల్ని దూరం పంపాలి. విద్యుత్ డిటొనేటర్లను పిడుగు పేల్చగలదు. పేలుడు సామగ్రి వానాకాలంలోనే కాదు, ఎప్పుడైనా ప్రాణాంతకమే. 2021 మే 8న కడప జిల్లా మామిళ్ళపల్లె క్వారీలో జిలెటిన్ స్టిక్స్ దించుతుండగా పేలి పది మంది మరణించారు.

అపోహ: పెద్ద కెమికల్ ఫ్యాక్టరీ ఉంటేనే రసాయన ప్రమాదం.

మాచర్లలో ఎన్నో దశాబ్దాలుగా సిమెంటు తయారవుతోంది. సున్నపురాయి, క్లింకర్ విషవాయువు చిమ్మే సరుకులు కావు. ఆ ధైర్యంతో మిగతావి కంటికి ఆనవు. తాగునీటిని శుద్ధి చేసే క్లోరిన్ సిలిండర్లు, మిర్చి దాచే కోల్డ్ స్టోరేజీల్లో అమ్మోనియా, పురుగుమందుల గోదాములు, 565వ నంబరు జాతీయ రహదారి మీద పోయే గ్యాస్, పెట్రోలు ట్యాంకర్లు పల్నాడు వంటి ప్రాంతంలో ఎదురయ్యే రసాయనాలు. పిడుగురాళ్ళ బట్టీల్లో కాల్చిన సున్నం కూడా ఈ కోవలోదే. నీరు తగిలితే అది భగ్గున వేడెక్కుతుంది. టార్పాలిన్ చిరిగి తడిసిన సున్నం లారీకి మంటలు అంటుకోగలవు. ఎలాంటి మంటకైనా నీళ్ళే మందు అనుకోవడం ఇక్కడ చెల్లదు. ఒంటి మీద పడిన పొడి సున్నాన్ని ముందు దులిపి, ఆ తర్వాతే ధారాళంగా కడగాలి. కంట్లో పడితే మాత్రం క్షణం ఆగకుండా నీళ్ళతో కడుగుతూనే ఉండాలి.

అపోహ: గ్యాస్ లీకైతే ఎటో ఒకవైపు పరుగెత్తాలి.

2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం ఆర్.ఆర్.వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి వ్యాపించినప్పుడు నిద్రలోంచి లేచిన జనం దిక్కు తెలియక పరుగెత్తి దారిలోనే కూలిపోయారు. హెచ్చరించాల్సిన సైరన్ మోగలేదు. గాలి ఎటు వీస్తే వాయువు అటే పోతుంది కాబట్టి, దాని వెంట పరుగెత్తితే దానితో పాటే పోయినట్టు. గాలికి అడ్డంగా పక్కకు తప్పుకోవాలి. స్టైరీన్, క్లోరిన్, వంటగ్యాస్ గాలికంటే బరువు, పల్లాల్లో పేరుకుంటాయి. మిట్టకు చేరడం మేలు. అమ్మోనియా తేలికే అయినా, ద్రవంగా చిమ్మినప్పుడు చల్లటి పొగమంచులా నేల మీదే పాకుతుంది. ముక్కుకు తడిగుడ్డ కట్టుకుంటే క్లోరిన్, అమ్మోనియా కొంత తగ్గుతాయి. బయటికి పోయే వ్యవధి లేకపోతే తలుపులు మూసి, సందుల్లో తడిబట్టలు కుక్కి లోపలే ఉండాలి.

ట్యాంకర్ బోల్తా పడితే బిందెలతో వెళ్ళడం ఎంత ఘోరమో 2017 జూన్ 25న పాకిస్తాన్‌లోని బహావల్పూర్ దగ్గర తేలింది. కారిన పెట్రోలు పట్టుకుంటున్నవారిలో 200 మందికి పైగా కాలిపోయారు. ట్యాంకర్ వెనక, పక్కల ఉండే పలకను దూరం నుంచి చదివితే చాలు. దానిమీద నాలుగంకెల యూఎన్ నంబరు ఉంటుంది. 1075 వంటగ్యాస్, 1203 పెట్రోలు, 1017 క్లోరిన్, 1005 అమ్మోనియా.

పురుగుమందు విషయంలో వాసన పీల్చకపోతే చాలనుకుంటారు. మోనోక్రోటోఫాస్ వంటి మందులు చర్మం గుండానే ఒంట్లోకి దిగుతాయి. తడిసిన బట్టలు వెంటనే విప్పి, సబ్బుతో కడగాలి. మింగినవారికి ఉప్పునీళ్ళు తాగించి కక్కించడం ఊపిరితిత్తులకు కొత్త ముప్పు తెస్తుంది. సీసాను లేబుల్‌తో సహా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

అపోహ: ప్రణాళిక కలెక్టరాఫీసు పని.

2005 విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం జిల్లా సంస్థకు కలెక్టరే అధ్యక్షుడు. నరసరావుపేట కేంద్రంగా 2022 ఏప్రిల్‌లో పల్నాడు జిల్లా ఏర్పడ్డాక ఆ బాధ్యత గుంటూరు నుంచి ఇక్కడికి మారింది. కానీ 1996 నాటి రసాయన ప్రమాదాల నియమాలు, పారిశ్రామిక ప్రాంతాలకు స్థానిక సంక్షోభ బృందాలు ఉండాలన్నాయి. వాటిలో ఫైర్ ఆఫీసరు, పోలీసులతో పాటు రవాణాదారులకూ, డాక్టర్లకూ, సర్పంచులకూ, స్థానిక పత్రికా సంపాదకుడికీ చోటుంది. ఆరు నెలలకోసారి మాక్ డ్రిల్ జరపాలి. తమ పక్కన ఏ రసాయనం నిల్వ ఉందో, ప్రమాదమైతే ఏం చేయాలో అడిగే హక్కు జనానికి ఉంది, చెప్పే బాధ్యత ఆ బృందాలది.

ప్రమాదం జరిగాక మొదటి ఫోను ఎలా చేశారన్నది కూడా ప్రణాళికలో భాగమే. అత్యవసరానికి 112, అగ్నిమాపకానికి 101, జిల్లా కంట్రోల్ రూముకు 1077, వంటగ్యాస్ లీకేజీకి 1906. ఫోనులో చెప్పాల్సింది చోటు, పలక మీది నంబరు, గాలి వీస్తున్న దిక్కు, చిక్కుకున్నవారి సంఖ్య.