ఓతెతేర్ వేణువు: ముద్ర, కర్తృత్వం

పాత చెక్క వేణువుపై తయారీదారు ముద్ర కనిపిస్తే కర్త ఎవరో తేలినట్లే అనిపిస్తుంది. ఫ్రాన్సుకు చెందిన ఓతెతేర్ వేణువు విషయంలో మాత్రం ఆ ముద్రే చిక్కు తెచ్చిపెట్టింది. ఆస్ట్రియాలోని గ్రాజ్, జర్మనీలోని బెర్లిన్, రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్ సంగ్రహాలయాలలో ఒకే పోలికగల మూడు వేణువులు ఉన్నాయి. మూడింటిపైనా ఓతెతేర్ పేరు, దానికింద లంగరు గుర్తు కనిపిస్తాయి.

ఓతెతేర్ అన్నది వ్యక్తి పేరు కాదు, వంశనామం. నార్మండీలోని లా కుతూర్-బుస్సే గ్రామానికి చెందిన ఈ కుటుంబంవారు తరతరాలుగా తరిమెన పట్టి వాయుసాధనాలు చేసేవారు. వీరిలో కొందరు రాజాస్థాన వాద్యకారులు కూడా. అయినా అందరి దృష్టీ ఝాక్-మార్తాన్ ఓతెతేర్ మీదే నిలవడానికి కారణం 1707లో ఆయన ప్రచురించిన వేణువాదన బోధినీ గ్రంథం. గ్రంథకర్తగా ప్రసిద్ధుడైనవాడే వాద్యనిర్మాతగానూ చెలామణి అయ్యాడు. ముద్రలో ఇంటిపేరే తప్ప సొంత పేరు లేదన్న సంగతి మరుగున పడింది.

ఈ వేణువు మూడు ముక్కల కూర్పు. ఊదే రంధ్రమున్న తలభాగంలో లోపలి గొట్టం సమానమైన వ్యాసంతో సాగుతుంది. ఆరు వేళ్ల రంధ్రాలున్న నడిమి భాగంలో క్రమంగా సన్నబడుతుంది. పాదభాగంలో ఒకే ఒక మీట ఉంటుంది. కొయ్య కాలక్రమాన ఆరి, అడ్డంగా కుంచించుకుపోవడంతో గుండ్రని గొట్టం కోలగా మారుతుంది. తరువాతి వాదకులు ఊదే రంధ్రాన్ని పెద్దది చేయడం, విరిగిన ముక్కను మార్పించడం కూడా సాధారణమే. కాబట్టి ముద్ర ఒక ముక్క సంగతి చెప్పినా మొత్తం వాద్యానికి సాక్ష్యం కాజాలదు.

స్వయంగా వేణు నిర్మాత అయిన ఆర్డల్ పావెల్ 1996లో ప్రచురించిన పరిశోధన వ్యాసంలో ఈ సమస్యను మలుపు తిప్పారు. గ్రాజ్ వేణువు మూలమనీ, మిగిలిన రెండూ 19వ శతాబ్దంలో దాన్ని చూసి చేసిన ప్రతిరూపాలనీ ఆయన నిర్ణయించారు. దీని పర్యవసానం చిన్నది కాదు. ప్రాచీన సంగీతాన్ని ఆనాటి వాద్యాలతోనే వినిపించాలనుకున్న 20వ శతాబ్దపు నిర్మాతలు ఈ నమూనాలను ఆదర్శంగా తీసుకున్నారు. పద్దెనిమిదో శతాబ్దారంభపు ఫ్రెంచి నాదమని శ్రోతలు భావించినదానిలో ఎంత భాగం ఆ నకళ్ల ద్వారా వచ్చిందో అన్న ప్రశ్న అక్కడినుంచే మొదలవుతుంది.

తెలుగు సాహిత్య విద్యార్థులకు ఈ చిక్కు కొత్తది కాదు. వేమన మకుటం ఉన్న పద్యమల్లా వేమనదే అనలేక పరిష్కర్తలు పడిన పాట్లు ఇలాంటివే. మకుటం ఎవరైనా తగిలించవచ్చు. లంగరు గుర్తునూ ఎవరైనా కొట్టవచ్చు. అయితే పద్యానికి భాష, ఛందస్సు, పాఠభేదాలు ఆధారాలైనట్లు వేణువుకు లోపలి గొట్టపు కొలతలు, పనితనపు జాడలు ఆధారాలవుతాయి. ఆ ఆధారాలు నకలును పట్టించగలవు గాని, ఒకే పనిముట్లతో, ఒకే ఊరి పద్ధతిలో పనిచేసిన అన్నదమ్ములను, తండ్రీకొడుకులను వేరుచేయడం వాటికి కష్టం. గ్రాజ్ వేణువు అసలుదని తేలినా, దాన్ని ఆ ఇంటిలో ఎవరు చేశారన్నది ముద్రను బట్టి చెప్పలేం.