మిల్లు పని పోతే ఏం చేయాలి?

"రేపట్నుంచి రావద్దు" అని గుమాస్తా అన్నంత మాత్రాన మిల్లు కూలీ హక్కు పోదు. ఏడాదిలో 240 రోజులు చేసినవారిని పని తగ్గిందని తీసేస్తే నెల ముందు నోటీసు లేదా నెల జీతం, చేసిన ప్రతి ఏడాదికీ 15 రోజుల వేతనం ఇవ్వాలి. 1947 చట్టంలోని ఈ రక్షణ 2025 నవంబరు 21న అమలుకొచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఉంది. తగ్గింది గడువే. మూడేళ్లు కాదు, ఇక రెండేళ్లే. ముందు కార్మికశాఖ రాజీ అధికారికి అర్జీ పెట్టాలి, 45 రోజులు దాటినా తేలకపోతే ట్రిబ్యునల్‌కు వెళ్లాలి.

చిక్కంతా రుజువుతోనే. మస్టరు ఉండేది యజమాని దగ్గర. 240 రోజుల పని చూపాల్సింది మాత్రం కార్మికుడేనని 2002లో సుప్రీంకోర్టు చెప్పింది. జీతం చీటీలు, హాజరు కార్డు, పి.ఎఫ్. కాగితం, ఏది దొరికినా దాచుకోవాలి. పాత బాకీ ఇస్తామని ఆశపెట్టినా, "నేనే మానుకున్నాను" అన్న కాగితం మీద వేలిముద్ర వేయవద్దు.