వేరుశనగ బుడిపెలో నిఫ్-ఏ

అనంతపురం ఎర్రనేలల్లో వేరుశనగ మొక్కను పీకితే వేళ్లకు చిన్న బుడిపెలు కనిపిస్తాయి. గోటితో చిదిమితే లోపల గులాబి రంగు. బుడిపె చక్కగా పనిచేస్తోందనడానికి అదే గుర్తు. అందులోని బ్రాడీరైజోబియం బాక్టీరియా గాలిలోని నత్రజనిని అమ్మోనియాగా మారుస్తుంది. ఆ పనికి కావలసిన జన్యువులను మేల్కొలిపే ప్రొటీన్ పేరు నిఫ్-ఏ.

దీని చివరి భాగమే డీఎన్ఏను పట్టుకుంటుంది. అక్కడ రెండు ఆల్ఫా హెలిక్స్‌లు ఒక చిన్న మలుపుతో కలిసి ఉంటాయి. రెండో హెలిక్స్ డీఎన్ఏ పెద్ద గాడిలో తాళంచెవిలా ఇమిడి, అక్షరాల వరుసను గుర్తిస్తుంది. అది వెతికేది టీజీటీ, మధ్యలో ఏవైనా 10 అక్షరాలు, ఆపైన ఏసీఏ. ఎదుటి పోగు మీద చదివితే ఆ ఏసీఏ స్థానంలోనూ టీజీటీయే ఉంటుంది! ఎంత పొందికైన అమరిక! అందుకే నిఫ్-ఏ అక్కడ జంటగా కూర్చుంటుంది.

ఆక్సిజన్ ఎక్కువైతే బ్రాడీరైజోబియం నిఫ్-ఏ పనిచేయదు. వాన ముఖం చాటేసి నేల ఎండినా బుడిపెల్లో నత్రజని తయారీ పడిపోతుంది.