తుంపర మీద తగాదా

స్ప్రే బాటిల్ పట్టుకుని ఆఫీసులు, హోటళ్లు తుడిచే మనవాళ్లు గల్ఫ్‌లో చాలామందే. ఆ తుంపర మీదే శాస్త్రవేత్తలకు పేచీ వచ్చింది.

నీటిని మరీ చిన్న బొట్లుగా చిమ్మితే వాటిలో కొన్ని రసాయన చర్యలు వందల, వేల రెట్లు వేగంగా జరుగుతాయి. బొట్టు చిన్నదయ్యేకొద్దీ లోపలి నీటికంటే గాలి తగిలే పైపొర వాటా పెరుగుతుంది. నీరు ఆవిరై, కలిసిన పదార్థం చిక్కబడుతుంది కూడా. ఇంతవరకూ పెద్ద గొడవ లేదు.

2019లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ రిచర్డ్ జేర్ బృందం, ఏమీ కలపకుండానే ఆ బొట్లలో హైడ్రోజన్ పెరాక్సైడ్ పుడుతోందంది. పుండ్లు కడిగే మందే అది! ఉత్త నీళ్లే క్రిముల్ని చంపితే ఇంకేం కావాలి అనుకున్నాం మనమూ. 2022లో మన పక్కనే, సౌదీలోని కౌస్ట్ యూనివర్సిటీ వాళ్లు గాలిలోని ఓజోన్ లేకుండా చేసి చూస్తే పెరాక్సైడ్ జాడ లేదు. జేర్ వర్గం ఒప్పుకోలేదు. మనం మాత్రం బకెట్లో ఫినాయిల్ వేస్తూనే ఉన్నాం.