కొత్త స్మార్ట్‌ఫోన్‌కు క్షేత్ర దత్తాంశం: ఏ మార్గం మేలు?

2021-22 పంటకాలంలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల మిరప తోటలను నల్ల తామర పురుగు తీవ్రంగా దెబ్బతీసింది. అటువంటి కొత్త చీడ ఒక మండలంలో మొదట ఏ రోజున, ఏ పొలంలో కనిపించిందన్న ప్రశ్న కొన్నేళ్ల తర్వాత తలెత్తితే, ఆనాడు పొలంలో ఫోనుతో తీసిన ఛాయాచిత్రమే ముఖ్య సాక్ష్యమవుతుంది. చిత్రంలోని పురుగు రూపంతో పాటు, ఫైలు లోపల నమోదై ఉండే తేదీ, సమయం, అక్షాంశ రేఖాంశాలు దానికి ఆ విలువను ఇస్తాయి. ఎగ్జిఫ్ అని పిలిచే ఈ అదృశ్య సమాచారం కెమెరాలో లొకేషన్ నమోదుకు అనుమతి ఇచ్చి ఉన్నప్పుడు పూర్తిగా చేరుతుంది. ఫోను మార్చే సమయంలో చిత్రం భద్రంగా వచ్చినట్లే కనిపించి, ఈ సమాచారం మాత్రం జారిపోయే అవకాశం ఉంది.

దుకాణంలో కొత్త ఫోను కొన్నప్పుడు "అన్నీ ఎక్కించి ఇస్తాం" అనడం మామూలే. కుటుంబ చిత్రాలకు, పాటలకు ఆ మాట సరిపోవచ్చు. విస్తరణ శాస్త్రవేత్త ఫోనులోనూ, పరిశోధక విద్యార్థి ఫోనులోనూ ఉన్నవి వేరు. సర్వే పత్రాలు, చీడపీడల చిత్రాలు, రైతుల ఫోను నంబర్లు, వాట్సాప్ బృందాల సంభాషణలు ఒక్కొక్కటి ఒక్కో చోట నిల్వ ఉంటాయి. కనుక అన్నింటికీ ఒకే ఉత్తమ మార్గం లేదు. దత్తాంశం ఏ రకానిదో ముందు చూసుకొని, తర్వాతనే మార్గాన్ని ఎంచుకోవాలి.

అన్నిటికంటే జాగ్రత్త అవసరమైనవి సర్వే పత్రాలు. ఓడీకే కలెక్ట్, కోబో కలెక్ట్ వంటి అనువర్తనాలు సిగ్నల్ లేని గ్రామాలలో కూడా పనిచేస్తాయి. అదే వాటి బలం. నింపిన పత్రం సర్వరుకు చేరేవరకు ఆ ఫోనులోనే, అనువర్తనానికి కేటాయించిన ప్రత్యేక స్థలంలో ఉంటుంది. ఆండ్రాయిడ్ కొత్త రూపాలలో ఆ స్థలం సాధారణ ఫైల్ మేనేజరుకు అందదు. ఫోను నుండి ఫోనుకు చేసే తరలింపులో అనువర్తనం పేరు, గుర్తు కొత్త ఫోనులో ప్రత్యక్షమైనా, లోపలి పత్రాలు వస్తాయని నమ్మకూడదు. పాత ఫోనులో ఆ అనువర్తనాన్ని తొలగిస్తే పంపని పత్రాలు కూడా దానితో పాటే పోతాయి. అందుచేత వీటికి తరలింపు అనే ఆలోచనే వద్దు. సగంలో ఆగిన చిత్తుప్రతులను పూర్తి చేసి, సిద్ధంగా ఉన్నవాటిని పంపి, సర్వరులో ఆ రైతు పేరుతో నమోదు కనిపించిందో లేదో చూసుకున్న తర్వాతే కొత్త ఫోను పెట్టె తెరవడం మంచిది. నూట ఇరవై మంది రైతులను కలిసి నింపిన ప్రశ్నావళిని మళ్లీ నింపించుకోవడానికి రైతుకూ తీరిక ఉండదు, పంటకాలమూ తిరిగి రాదు.

ఛాయాచిత్రాల విషయానికి వస్తే, చాలామంది మొదట ఆశ్రయించేది వాట్సాప్. చిత్రాన్ని చిత్రంగా పంపితే వాట్సాప్ దాని పరిమాణాన్ని తగ్గించి, ఎగ్జిఫ్ సమాచారాన్ని తీసివేస్తుంది. ఆకు అడుగున ఉన్న తామర పురుగు పిల్లలు మసకబారుతాయి, పొలం స్థానం మాయమవుతుంది. అదే ఫైలును డాక్యుమెంటుగా పంపితే మూలప్రతి యథాతథంగా వెళ్తుంది. అయితే వేల చిత్రాలను ఇలా పంపడం ఆచరణలో సాధ్యం కాదు.

ఒక లెక్క చూద్దాం. ఒక్కొక్కటి 4 ఎంబీ చొప్పున 6,000 చిత్రాలు ఉంటే మొత్తం 24 జీబీ. బ్లూటూత్ ద్వారా ఒక్క జీబీకే గంటకు పైగా పట్టవచ్చు కనుక దానిని పరిగణించనవసరం లేదు. సెకనుకు 10 మెగాబిట్ల అప్‌లోడ్ వేగంతో క్లౌడుకు పంపితే ఐదు గంటలు దాటుతుంది. యూఎస్‌బీ కేబులు ద్వారా సెకనుకు 30 ఎంబీ చొప్పున సాగితే పావుగంటలోపే ముగుస్తుంది. టైప్-సి రంధ్రం ఉన్నంత మాత్రాన వేగం ఎక్కువని అనుకోకూడదు. చవక ఫోన్లు అనేకం పాత యూఎస్‌బీ 2.0 వేగంతోనే పనిచేస్తాయి. అయినా మన అవసరానికి అది చాలు.

మా అభిప్రాయంలో క్షేత్ర చిత్రాలకు కేబులు మార్గమే శ్రేష్ఠం; అదీ నేరుగా కొత్త ఫోనుకు కాకుండా, ముందు కార్యాలయ కంప్యూటరులోకి. దీనివల్ల అదనంగా ఒక ప్రతి మిగులుతుంది. ఆ తర్వాత కావలసినవే కొత్త ఫోనులోకి ఎక్కించుకోవచ్చు. కాపీ చేసిన ఫైలుకు కంప్యూటరు కొత్త తేదీ చూపినా కంగారు అవసరం లేదు. చిత్రం తీసిన తేదీ ఎగ్జిఫ్‌లో మారకుండా ఉంటుంది. దగ్గర్లో కంప్యూటరు లేనప్పుడు, ఆండ్రాయిడ్ ఫోన్ల మధ్య క్విక్ షేర్ మంచి ప్రత్యామ్నాయం.

మెమరీ కార్డు ఉన్న ఫోన్లలో కార్డు తీసి కొత్తదానిలో పెట్టడమే సులభమనిపిస్తుంది. కార్డును ఫోను అంతర్గత నిల్వగా మార్చి ఉంటే అది సంకేతబద్ధమై ఉంటుంది, వేరే ఫోనులో తెరుచుకోదు. కార్డును తీసేముందు ఈ ఒక్క విషయం సెట్టింగులలో చూడాలి.

గూగుల్ ఖాతాతో ఉచితంగా లభించే 15 జీబీ స్థలాన్ని జీమెయిల్, డ్రైవ్, ఫోటోస్ మూడూ పంచుకుంటాయి. ఆండ్రాయిడ్ వాట్సాప్ బ్యాకప్ కూడా ఇప్పుడు అందులోనే లెక్కకు వస్తుంది. 24 జీబీ అందులో ఎలాగూ పట్టదు. గూగుల్ ఫోటోస్‌లో స్టోరేజ్ సేవర్ ఎంపిక ఉంటే చిత్రాలు కుదించబడతాయి కనుక, పరిశోధన చిత్రాలకు ఒరిజినల్ క్వాలిటీనే ఎంచుకోవాలి.

రైతుల నంబర్లు గూగుల్ ఖాతాలో భద్రపరచి ఉంటే కొత్త ఫోనులో ఖాతా తెరవగానే వచ్చేస్తాయి. ఫోనులోనో సిమ్‌లోనో మాత్రమే ఉన్నవాటిని ఎక్స్‌పోర్ట్ చేసి ఫైలుగా తీసుకోవాలి. వాట్సాప్ సంభాషణలను ఒకే రకం ఫోన్ల మధ్య క్యూఆర్ కోడుతో నేరుగా తరలించవచ్చు. ఆండ్రాయిడ్ నుండి ఐఫోనుకు మారేవారు మాత్రం ఐఫోను తొలి అమరిక సమయంలోనే మూవ్ టు ఐఓఎస్ అనువర్తనాన్ని వాడాలి. యూపీఐ సేవలను బ్యాంకులో నమోదైన సిమ్‌తో కొత్త ఫోనులో తిరిగి నమోదు చేసుకోవలసిందే.

తరలింపు పూర్తయ్యాక రెండు చోట్లా ఫైళ్ల సంఖ్య, మొత్తం పరిమాణం సరిపోల్చాలి. ఆపై వేర్వేరు పంటకాలాలకు చెందిన పది, పదిహేను చిత్రాలను తెరిచి వివరాలలో అక్షాంశ రేఖాంశాలు ఉన్నాయేమో చూడాలి. దశాంశ బిందువు తర్వాత నాలుగు అంకెలు ఉంటే స్థానం దాదాపు 11 మీటర్ల వరకు తెలుస్తుంది. ఒక కమతాన్ని గుర్తించడానికి అది సరిపోతుంది.

పాత ఫోను కార్యాలయానిదైతే తిరిగి అప్పగించాలి, సొంతదైతే చాలాసార్లు ఇంట్లో పిల్లల చేతికి వెళ్తుంది. అందులో రైతుల ఆధార్ చిత్రాలు, పట్టాదారు పాసుపుస్తకాల నకళ్లు ఉండవచ్చు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత దత్తాంశ పరిరక్షణ చట్టం దృష్ట్యా వీటి పట్ల సంస్థలకు బాధ్యత ఉంది. అందువల్ల పై పరీక్ష ముగిశాక, కనీసం ఒక నెల పాత ఫోనును అలాగే ఉంచి, ఆ తర్వాత గూగుల్ ఖాతాను తొలగించి, సెట్టింగుల ద్వారా ఫ్యాక్టరీ రీసెట్ చేసి అప్పగించాలి.