49 రోజుల సెలవులు, బీరువాలో పుస్తకాలు

మన రాష్ట్రంలో 2025లో బడులకు వేసవి సెలవులు ఏప్రిల్ 24న మొదలై జూన్ 11తో ముగిశాయి. ఏప్రిల్‌లో 7, మేలో 31, జూన్‌లో 11 కలిపితే 49 రోజులు, అంటే సరిగ్గా ఏడు వారాలు. గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల్లో అప్పటికి పత్తి తీతలు ఎప్పుడో అయిపోయి ఉంటాయి. మిరప ఆఖరి కోతల కాయ కల్లాల్లో ఎండుతూనో, కోల్డ్ స్టోరేజీలకు చేరుతూనో ఉంటుంది. మేలో గుంటూరు మిర్చి యార్డుకు కూడా సెలవులిస్తారు. హైస్కూలు పిల్లలకు ఏడాది మొత్తంలో ఇంత ఖాళీ మళ్ళీ దొరకదు. ఈ ఖాళీలో ఒక పిల్లాడు ఎన్ని పుస్తకాలు చదవగలడు? చదివితే ఏం ఒరుగుతుంది? అసలు పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయి?

మొదట ఎంత చదవగలడో చూద్దాం. పెళ్ళిళ్ళకు, అమ్మమ్మగారి ఊరికి, జ్వరాలకు 9 రోజులు తీసేస్తే 40 మిగులుతాయి. రోజుకు అరగంట. నిమిషానికి 80 మాటలు చదువుతాడనుకుంటే అరగంటకు 2,400 మాటలు. పేజీకి 200 మాటల చొప్పున అవి 12 పేజీలు. 40 రోజులకు 480 పేజీలు, అంటే 120 పేజీల పుస్తకాలు నాలుగు. ఈ 80 అన్నది లెక్క కోసం నేను వేసుకున్న అంకె. మీ పిల్లల వేగం మీరే తేల్చుకోవచ్చు: ఒక పేజీ ఇచ్చి, గడియారం చూస్తే చాలు. సగం వేగమే ఉందనుకోండి, అప్పుడు కూడా రెండు పుస్తకాలు పూర్తవుతాయి.

అరగంట ఎక్కడ దొరుకుతుందంటారా? రెంటచింతల ఎండల గురించి ఈ ప్రాంతంలో ఎవరికీ చెప్పక్కర్లేదు. మేలో పొద్దున 11 నుంచి సాయంత్రం 4 దాకా పిల్లల్ని ఎలాగూ బయటికి వదలం. ఆ ఐదు గంటల్లో అరగంటంటే పదో వంతు. మిగతా తొమ్మిది వంతులూ నిద్రకూ ఆటకూ ఫోనుకూ ఇచ్చినా నాకు అభ్యంతరం లేదు.

అయితే అందరి సెలవులూ నీడపట్టున గడవవు. తాలుకాయలు ఏరే చోట, తొడిమలు తీసే చోట తల్లి పక్కన కూర్చునే పిల్లలున్నారు. 14 ఏళ్ళలోపు పిల్లల్ని కూలికి పెట్టుకోవడం చట్టరీత్యా నేరం. 2016 సవరణ తర్వాత అది ఏ పనికైనా వర్తిస్తుంది. సొంత ఇంటి పనిలో సాయం చేయడానికి మాత్రం, అదీ ప్రమాదం లేని పనైతే, బడి వేళల తర్వాతా సెలవుల్లోనూ వీలుంది. అలాంటి పిల్లాడికి సాయంత్రం పుస్తకం ఇస్తే, మిరప ఘాటుకు మండిన కళ్ళతో చదవలేకపోతాడు. దాన్ని బద్ధకం అనకండి. పొద్దున్నే పావుగంట చదవనివ్వండి. పై లెక్క ప్రకారం అతనికీ 240 పేజీలు, రెండు పుస్తకాలు అవుతాయి.

ఇంతా చేస్తే లాభమేమిటి? అమెరికాలో 1988లో అచ్చయిన ఒక పరిశీలన ఉంది. అయిదో తరగతి పిల్లలు బడి బయట ఎంతసేపు పుస్తకాలు చదువుతున్నారో లెక్క కట్టారు. తక్కువ చదివేవాళ్ళ నుంచి ఎక్కువ చదివేవాళ్ళ దాకా నూరుమందిని వరసగా నిలబెట్టారనుకోండి. సరిగ్గా మధ్యలో నిలబడ్డ పిల్లాడు రోజుకు 5 నిమిషాలు కూడా చదవడం లేదు. ఏడాదికి అతని కళ్ళ ముందు నడిచిన మాటలు సుమారు 2 లక్షల 80 వేలు. తొంభయ్యో స్థానంలో ఉన్న పిల్లాడు చదివేది 21 నిమిషాలు, అతనికి 18 లక్షల మాటలు దాటాయి. అవి ఇంగ్లీషు మాటలు, ఆ దేశం పిల్లలు. అంకెల్ని ఉన్నవున్నట్టు ఇక్కడికి తేలేం. కానీ రోజుకు పావుగంట తేడా ఏడాది తిరిగేసరికి ఆరు రెట్లకు పైగా అవుతుందన్నది ఏ భాషలోనైనా ఆలోచించాల్సిన సంగతే.

వేసవి చదువు గురించే ప్రత్యేకంగా అడిగితే, ఫ్లోరిడా రాష్ట్రంలో చేసిన మరో అధ్యయనం చెప్పాలి. రిచర్డ్ ఆలింగ్టన్, ఆన్ మెక్‌గిల్-ఫ్రాంజెన్‌ల బృందం 2010లో దాన్ని ప్రచురించింది. పేద పిల్లలు ఎక్కువగా చదివే 17 బడుల్లో కొంతమందికి సెలవులకు ముందు తలా 12 పుస్తకాలిచ్చారు. వరసగా మూడు వేసవులు అలా ఇచ్చారు. పుస్తకాలు ఎంచుకున్నది పిల్లలే. మూడేళ్ళ తర్వాత పరీక్ష పెడితే, పుస్తకాలు అందని పిల్లలకన్నా వీళ్ళు ముందున్నారు. తేడా కొండంత ఏమీ కాదు, కానీ మరీ పేద ఇళ్ళ పిల్లల్లో అది ఎక్కువగా కనిపించింది. వాళ్ళు ప్రాథమిక బడి పిల్లలన్నది గుర్తుంచుకోవాలి. సెలవుల్లో పిల్లలు ఎంత మరిచిపోతారన్న దాని మీద కూడా పరిశోధకులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. నాకు ఇందులో ముఖ్యంగా తోచింది వేరే ఉంది: అక్కడ ట్యూషన్ పెట్టలేదు, పాఠం చెప్పలేదు. పుస్తకం ఇల్లు చేరేలా చూశారు, అంతే.

“మావాడు కూడబలుక్కుంటూ చదువుతాడండీ, వాడికి కథల పుస్తకమా?” అనే తల్లిదండ్రులకు ఒక మాట. ప్రథమ్ సంస్థ గ్రామాల్లో ఇంటింటికీ వెళ్ళి చేసే అసర్ సర్వేలో పిల్లలకు రెండో తరగతి స్థాయి పేరా ఇచ్చి చదివిస్తారు. 2022లో దేశం మొత్తం మీద ఎనిమిదో తరగతి వాళ్ళలో దాన్ని చదవగలిగింది 69.6 శాతం. అంటే పదిమందిలో ముగ్గురు చదవలేకపోయారు. మీ పిల్లాడు ఒంటరివాడేం కాదు. అలాంటివాళ్ళకు నాలుగు పుస్తకాల లెక్క వద్దు. పెద్దక్షరాలు, బొమ్మలు ఉన్న పుస్తకం ఇచ్చి, పైకి చదివిస్తూ పక్కన కూర్చోండి. తమ్ముడికో చెల్లెలికో చదివి వినిపించమంటే చిన్న పిల్లల పుస్తకం చదవడానికి వాడు సిగ్గుపడడు కూడా.

“వచ్చే ఏడాది టెన్త్, ఇప్పుడు కథలేమిటి?” అన్నది ఇంకో సందేహం. టెన్త్ మొత్తం 600 మార్కుల్లో తెలుగుకు 100 ఉన్నాయి. ఆ వంద సంగతి పక్కన పెట్టినా, లెక్కల్లోనూ సైన్సులోనూ చాలామంది పిల్లలు తడబడేది ప్రశ్నను చివరిదాకా చదివి అర్థం చేసుకునే చోటే. అది రోజూ నాలుగు పేజీలు చదివితేనే అలవడుతుంది.

ఇక ఏం చదవాలి. నన్నడిగితే మొదటి పుస్తకం సత్యం శంకరమంచి ‘అమరావతి కథలు’. బాపు బొమ్మలతో వచ్చిన చిన్న చిన్న కథలు, 1979లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందాయి. ఒక్కోటి నాలుగైదు పేజీలకు మించదు. మొత్తం నూరు దాకా ఉంటాయి కాబట్టి రోజుకు రెండు చదివితే 49 రోజులకు పుస్తకం దాదాపు పూర్తవుతుంది. పిల్లలకు తెలిసిన కృష్ణ ఒడ్డు, తెలిసిన గుడి, తెలిసిన మాట అందులో ఉంటాయి. ఏ కథ నుంచి మొదలుపెట్టినా ఇబ్బంది లేదు.

ఒంగోలు వైపు పిల్లలకు టంగుటూరి ప్రకాశం ఆత్మకథ ‘నా జీవిత యాత్ర’లో తొలి అధ్యాయాలు ఇవ్వండి. పుస్తకం పెద్దది, రాజకీయాల భాగం తర్వాత చూసుకోవచ్చు. తండ్రి పోయాక తల్లి పూటకూళ్ళ ఇల్లు నడిపి పిల్లల్ని పెంచడం, నాటకాల పిచ్చితో తిరిగిన కుర్రాణ్ణి ఇమ్మానేని హనుమంతరావు నాయుడు అనే ఉపాధ్యాయుడు చేరదీసి చదివించడం పదిహేనేళ్ళ పిల్లలు వదలకుండా చదువుతారు. వినుకొండలో పుట్టిన గుర్రం జాషువా తన బతుకును ‘నా కథ’గా పద్యాల్లో చెప్పుకున్నారు. అది మౌనంగా చదివేది కాదు, ఇంట్లో ఎవరో ఒకరు పైకి చదవాలి.

తెనాలి గురించి కాస్త ఎక్కువ చెప్పాలనిపిస్తోంది. 1947లో మొదలైన ‘చందమామ’ స్థాపకుల్లో ఒకరైన చక్రపాణిది తెనాలే. 1952 నుంచి 1980 దాకా ఆ పత్రికను తీర్చిదిద్దిన కొడవటిగంటి కుటుంబరావు కూడా అక్కడే పుట్టారు. వీళ్ళిద్దరికన్నా హైస్కూలు పిల్లలకు నేను ముందుగా చెప్పాలనుకునే పేరు శారద. అసలు పేరు ఎస్. నటరాజన్. తమిళ పిల్లాడు, పన్నెండేళ్ళ వయసులో తెనాలి చేరాడు, హోటళ్ళలో పనిచేశాడు. తనది కాని భాష నేర్చుకుని, దొరికిందల్లా చదివి, అదే భాషలో ‘మంచీ చెడూ’, ‘అపస్వరాలు’ లాంటి నవలలు రాశాడు. 1955లో ముప్పై ఏళ్ళ వయసులోనే పోయాడు. పనికెళ్ళే పిల్లలకు చదువు అబ్బదనేవాళ్ళకు శారద కథ తెలియదనుకోవాలి. ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’ మాత్రం పద్నాలుగేళ్ళకే చేతికివ్వకండి. అది గొప్ప నవల, కానీ పెద్దది. భయపెట్టి దూరం చేసుకోవడంకన్నా ఇంటర్ తర్వాత చదవడం మేలు.

ఖర్చు మాటకొద్దాం. మీరు కట్టే ఇంటిపన్ను మీద ప్రతి రూపాయికీ 8 పైసల గ్రంథాలయ సెస్సు ఉంటుంది. సెస్సంటే ఒక ప్రత్యేకమైన పని కోసం పన్నుకు జోడించి వసూలు చేసే మొత్తం. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం అది జిల్లా గ్రంథాలయ సంస్థకు చేరాలి. ఇంటిపన్ను 1,500 రూపాయలైతే దాని మీద గ్రంథాలయానికి మీరిస్తున్నది 120. పదేళ్ళకు 1,200. కాబట్టి శాఖా గ్రంథాలయం మెట్లెక్కి పిల్లల పేరిట సభ్యత్వం అడగడానికి మొహమాటం అక్కర్లేదు, దాని డబ్బు మీరు కడుతూనే ఉన్నారు. డిపాజిట్ కొద్దిగానే ఉంటుంది, మానేసేటప్పుడు తిరిగిస్తారు. సాధారణంగా పొద్దున 8 నుంచి 11, సాయంత్రం 4 నుంచి 7 తెరుస్తారు. శుక్రవారం సెలవు. ఎండ వేళ మూసే ఉంటుంది కనుక అక్కడ కూర్చుని చదవడంకన్నా పుస్తకం ఇంటికి తెచ్చుకోవడమే దారి. చీరాల వైపు వాళ్ళకు వేటపాలెం సారస్వత నికేతనం ఉంది. 1918లో మొదలైంది, 1929లో దాని భవనానికి గాంధీజీ శంకుస్థాపన చేశారు. పిల్లల్ని ఒకసారి తీసుకెళ్ళి ఆ పాత పత్రికలు చూపించండి.

ఫోనులోనే చదువుతామనే పిల్లలకు ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్‌లో తెలుగు కథలు ఉచితంగా దొరుకుతాయి. కాకపోతే అదే ఫోనులో ఆటలూ ఉంటాయి, అరగంట పూర్తయ్యేలోపే వేలు అటు జరుగుతుంది. అందుకే కాగితం పుస్తకం వైపే నా మొగ్గు.

ఇన్ని చెప్పినా, అన్నిటికన్నా దగ్గరున్న పుస్తకాలు బడిలోనివే. సమగ్ర శిక్ష పథకం కింద ప్రభుత్వ బడికి గ్రంథాలయం కోసం ఏటా 5 వేల నుంచి 20 వేల రూపాయల దాకా నిధులివ్వవచ్చు. 300 మంది ఉన్న హైస్కూలుకు 15 వేలు వస్తే తలకు 50 రూపాయలు. ఏటేటా కొన్నవన్నీ బీరువాలో ఉంటాయి. పిల్లలకు అత్యంత తీరిక ఉన్న 49 రోజులూ ఆ బీరువాకు తాళం వేసి ఉంటుంది. ఇది మారాలని నా గట్టి కోరిక. ఏప్రిల్ 23న, ఆఖరి పనిదినాన, పిల్లలకు తలా రెండు పుస్తకాలు రాసిచ్చి పంపితే చాలు. 300 మందికి నిమిషం చొప్పున 5 గంటలు. ఇద్దరు టీచర్లు కూర్చుంటే రెండున్నర గంటల పని.

టీచర్లు వెనకాడేది సోమరితనంతో కాదు. పుస్తకం పోతే జవాబు చెప్పాల్సింది తామేనన్న భయం వాళ్ళది. అది సహజమే. కేంద్ర ప్రభుత్వ గ్రంథాలయాలకు వర్తించే 2017 నాటి సాధారణ ఆర్థిక నియమాల్లో దీనికో కొలత ఉంది. ఏడాదిలో పాఠకులకు ఇచ్చిన ప్రతి వెయ్యి పుస్తకాల్లో ఐదు పోవడాన్ని, అందులో మోసమో నిర్లక్ష్యమో లేకపోతే, సహజమైన నష్టంగా చూడవచ్చని అవి అంటున్నాయి. మన హైస్కూళ్ళకు ఆ నియమం నేరుగా వర్తించదు, అయినా కొలతగా పనికొస్తుంది. ఆ లెక్కన 600 పుస్తకాలిస్తే 3. పోనీ, పది పోయాయనే అనుకుందాం, పుస్తకం 100 రూపాయలు వేసుకున్నా వెయ్యి రూపాయలు. పూర్వవిద్యార్థులో తల్లిదండ్రుల కమిటీనో ఆ వెయ్యి తాము భరిస్తామని ఏప్రిల్ మొదటి వారంలోనే హెడ్‌మాస్టరుగారికి రాసిస్తే, తాళం తీయడానికి ఆయనకు ధైర్యం వస్తుంది.